మూడో కుర్చీలోంచి వింటే

రికార్డర్ అనే పిల్లనగ్రోవి నేర్చుకోవడం మొదలుపెట్టిన పిల్లకి మొదటి వారాల్లోనే ఒక గండం ఎదురవుతుంది. బి అనే స్వరం పలకాలంటే వెనక బొటనవేలు, ముందు చూపుడువేలు రంధ్రాల మీద ఉంచాలి. దాని పక్కనున్న సి కోసం బొటనవేలు అలాగే ఉంచి, చూపుడువేలు లేపి, మధ్యవేలు దించాలి. ఒకటి లేవడం, ఇంకొకటి దిగడం ఒకే క్షణంలో జరగాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా రెండు స్వరాల మధ్య పిలవని మూడో స్వరం ఒకటి దూరి కీచుమంటుంది. అదే ఎ నుంచి సి కి వెళ్లాలంటే చూపుడువేలు ఒక్కటి లేపితే సరిపోతుంది. కాగితం మీద చూస్తే బి, సి ఇరుగుపొరుగు. ఎ, సి మధ్య ఒక మెట్టు ఎడం ఉంది. వేళ్లకి మాత్రం ఆ ఎడంగా ఉన్నదే దగ్గర. ఈ సంగతి ఎరిగిన స్వరకర్త సి ని మొదటిసారి ఎ మీదుగానే తెస్తాడు. ఆ తర్వాత నాలుగైదు పాటలు గడిచాక, పిల్ల చెవికి సి బాగా అలవాటయ్యాక, బి పక్కన పెడతాడు. ఎరగనివాడు మొదటి పాటలోనే బి, సి, బి, సి అని రాసి "చాలా తేలికగా రాశాను" అనుకుంటాడు.

ఇంగ్లండ్‌లో నేనుండే ఊళ్లో వారానికోసారి చర్చి హాల్లో కలిసి వాయించుకునే రికార్డర్ బృందం ఒకటుంది. వాళ్ల కోసం, పక్కనే ఉన్న ప్రైమరీ స్కూలు పిల్లల కోసం కొత్త పాటలు కూరుస్తుంటాను. మాటల్లేని పాటలు, మూడు నాలుగు రికార్డర్లు కలిసి పలికేవి. ఇది నాకు ప్రాణమైన పని. నేర్చుకునేవాళ్ల కోసం, సరదాకి వాయించేవాళ్ల కోసం రాసే సంగీతాన్ని అసలు సంగీతానికి కింది మెట్టులా చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ చూపు నాకు మింగుడుపడదు. కచేరీకి రాసిన సంగీతానికి శ్రోత ఎదురుగా, టికెట్టు కొనుక్కుని కూర్చుంటాడు. ఈ సంగీతానికి శ్రోత వాయించేవాడే. హాల్లో వేరే ఎవరూ ఉండరు, ఉండనక్కర్లేదు. అందుకని రాసేవాడు వేదిక ముందు కూర్చుని వింటే కుదరదు. ఒక్కొక్కరి కుర్చీలో కూర్చుని వినాలి. అన్నిటికన్నా ముఖ్యంగా మూడో కుర్చీలో. పై పార్ట్‌కి, అంటే పై వరసకి, ఎలాగూ రాగం దక్కుతుంది, అడుగు పార్ట్‌కి కనీసం బరువు దక్కుతుంది. మధ్యలో కూర్చున్నవాళ్లకి ఏం మిగిల్చామన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష.

వాద్యం గురించి కాస్త చెప్పాలి. మన జాతరల్లో కర్రకి గుచ్చి అమ్మే వెదురు పిల్లనగ్రోవులు చూసే ఉంటారు. పై చివర బిరడా బిగించి పక్కన సన్నని సందు వదులుతారు. ఊదిన గాలి ఆ సందులోంచి నేరుగా అంచుకి తగిలి పలుకుతుంది. రికార్డర్‌లో ఉన్నదీ అదే కిటుకు. ముందు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి. పెదవి కుదిరేదాకా నెలల తరబడి గాలితో కుస్తీ పట్టక్కర్లేదు, ఊదితే పలుకుతుంది. అందుకే బడిపిల్లల చేతికి వచ్చింది. జపాన్‌లో మూడో తరగతి నుంచి నేర్పుతారు. అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగువాళ్ల ఇళ్లలో కూడా మూడో తరగతో నాలుగో తరగతో చదివే పిల్లల స్కూలు సంచుల్లోంచి ప్లాస్టిక్ రికార్డర్ బయటపడుతుంది.

అంత తేలిగ్గా పలికే వాద్యానికి ఒక మొండితనం ఉంది. గట్టిగా ఊదితే శ్రుతి పైకి పోతుంది, మెల్లగా ఊదితే కిందికి జారుతుంది. అంటే వయొలిన్‌లాగా ఒకే స్వరాన్ని పెంచుతూ తగ్గిస్తూ పోయే వీలు దాదాపు లేదు. పైగా కింది స్వరాలు సన్నగా, పై స్వరాలు చెవిలో గుచ్చుకునేంత గట్టిగా వస్తాయి. ఇది తెలియకుండా కింది స్థాయిలో అందమైన రాగం రాసి, దాని మీద పై స్థాయిలో తోడు పార్ట్ పెడితే ఆ రాగం ఎవరికీ వినిపించదు. "ఇక్కడ మెల్లగా" అని కాగితం మీద రాసినా లాభం లేదు, శ్రుతి పడిపోతుంది. మెత్తదనం కావాలంటే ఒక పార్ట్‌ని కాసేపు ఆపాలి. జోరు కావాలంటే అందరినీ రప్పించాలి. అలా ఎవరు ఎప్పుడు ఊరుకుంటారన్నది నిర్ణయించడం కూడా స్వరరచనలో భాగమే. ఊరుకున్న నాలుగు బార్లలో, అంటే నాలుగు తాళపు గడుల్లో, మిగతావాళ్లని వినడం ఎంత హాయో వాయించేవాళ్లని అడిగితే చెబుతారు.

సరదాకి వాయించేవాళ్ల కోసం రాయడం నిన్న మొన్నటి సంగతి కాదు. పదిహేడో శతాబ్దంలో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో యాకోబ్ వాన్ ఐక్ అనే అంధ సంగీతకారుడు ఉండేవాడు. చర్చి గంటల వాద్యం ఆయన ఉద్యోగం. సాయంత్రం వేళ చర్చి తోటలో షికారుకొచ్చినవాళ్లకి చిన్న రికార్డర్ మీద పాటలు వినిపించాలన్న షరతు మీద 1649లో ఆయన జీతం 20 గిల్డర్లు పెంచారు. ఆయన చెబుతుండగా ఇతరులు రాసుకున్న స్వరాలు "డెర్ ఫ్లౌటెన్ లుస్ట్‌హోఫ్" అనే పుస్తకంగా అచ్చయ్యాయి. అందరికీ తెలిసిన పాటని ముందు ఉన్నదున్నట్టు ఇస్తాడు. తర్వాత దాన్నే మరిన్ని స్వరాలతో ఒకసారి, ఇంకా వేగంగా ఇంకోసారి ఇస్తాడు. ఈ అమరిక నాకు ఎంతో ఇష్టం. మొదటి పాట దగ్గరే ఆగిపోయినవాళ్లకి కూడా పూర్తి పాట వాయించిన తృప్తి ఉంటుంది. వేళ్లు సాగినవాళ్లు ముందుకి పోతారు. ఒకే పేజీ మీద ఇద్దరికీ చోటుంది.

హాంబర్గ్‌లో టెలెమాన్ అనే స్వరకర్త 1728లో ఏకంగా ఒక సంగీత పత్రికే మొదలుపెట్టాడు. ఇంట్లో వాయించుకునేవాళ్ల కోసం అందులో రకరకాల వాద్యాలకి కొత్త రచనలు వేసేవాడు. ఒక సొనాటాలో మొదటి భాగం ఈ సంచికలో, తరువాయి భాగం వచ్చే సంచికలో. మన వారపత్రికల్లో సీరియల్ కోసం ఎదురుచూసినట్టే హాంబర్గ్ ఇళ్లలో తర్వాతి భాగం కోసం ఎదురుచూసి ఉంటారు. అందులో వచ్చిన ఎఫ్ మేజర్ రికార్డర్ సొనాటా ఇవాళ్టికీ ప్రతి విద్యార్థి పెట్టెలో ఉంటుంది.

ఆ తర్వాత పెద్ద ఖాళీ. పద్దెనిమిదో శతాబ్దం సగానికల్లా ఆర్కెస్ట్రాలు పెద్దవయ్యాయి. ఆ హోరులో రికార్డర్ గొంతు ఆనక మూలన పడింది. షూబర్ట్, బ్రామ్స్, చైకోవ్‌స్కీ ఎవరూ దానికి రాయలేదు. మళ్లీ దాన్ని తెచ్చిన ఆర్నాల్డ్ డోల్మెచ్ ఇంగ్లండ్‌లో పాత వాద్యాలు సేకరించి వాయించేవాడు. 1919లో ఆయన పాత రికార్డర్ లండన్ వాటర్లూ స్టేషన్లో పోయింది. అది దొరక్క, తానే కొత్తది తయారుచేశాడు. కొడుకు కార్ల్ డోల్మెచ్, ఎడ్గర్ హంట్ కలిసి 1937లో రికార్డర్ వాయించేవాళ్ల సొసైటీ పెట్టారు. రెండేళ్లకి అమెరికాలో కూడా అలాంటిది ఒకటి పుట్టింది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ప్లాస్టిక్ రికార్డర్లు వచ్చి బడుల్లోకి చొచ్చుకుపోయాయి. లక్షల మంది చేతుల్లో వాద్యం ఉంది. వాళ్ల ముందు మాత్రం నూట యాభై ఏళ్ల పైన ఖాళీ ఉంది. పాత రచనలు, ఇతర వాద్యాల నుంచి తెచ్చుకున్న మార్పిళ్లు ఎన్నున్నా, ఆ ఖాళీకి జవాబు కొత్తగా రాయడమే.

అలా రాసినవాళ్లు యుద్ధానికి ముందే ఉన్నారు. 1932లో జర్మన్ స్వరకర్త పాల్ హిండెమిత్ ఉత్తర జర్మనీలోని ప్లోన్ అనే ఊళ్లో ఒక వసతి పాఠశాల కోసం ఒక రోజంతటికీ సరిపడా సంగీతం రాశాడు. పొద్దున్నే గోపురం మీంచి ఊదడానికి ఇత్తడి వాద్యాల సంగీతం, భోజనాల వేళకి ఒకటి, పిల్లలందరూ పాల్గొనే గానరూపకం, చివరగా రాత్రి కచేరీ. అప్పటికే ఆయన యూరప్ అంతటా పేరున్నవాడు, బెర్లిన్‌లో స్వరరచన బోధించే ఆచార్యుడు. స్వరకర్తలకీ, ఇళ్లలో వాయించుకునేవాళ్లకీ మధ్య పెరుగుతున్న దూరం ఆయన్ని కొన్నేళ్లుగా బాధిస్తోంది. రాత్రి కచేరీలో మూడు రికార్డర్ల ట్రియో ఒకటుంది. దాని చివరి భాగం ఫ్యూగ్ పద్ధతిలో నడుస్తుంది. ఒకరు ఎత్తుకున్న రాగాన్నే రెండోవారు, ఆ తర్వాత మూడోవారు అందుకుంటారు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లే ముఖ్యులు, మూడో కుర్చీ అన్న మాటే ఉండదు.

ఆ ట్రియోలో తీపి తక్కువ. స్వరాలు ఒకదానికొకటి ఒరుసుకుంటూ పోతాయి. మొదటిసారి వాయించినప్పుడు మా బృందంలో ఇద్దరు ముగ్గురు ముఖముఖాలు చూసుకున్నారు. అయినా ఆ సాయంత్రమంతా మళ్లీ మళ్లీ అదే వాయించమన్నారు. దీన్నిబట్టి నాకొక నమ్మకం కుదిరింది. సరదాకి వాయించేవాళ్లని భయపెట్టేది కొత్త ధ్వని అనుకుంటాం గాని, వాళ్లకి నిజంగా గుండె జారేది వేళ్లు మెలికపడినప్పుడు, ఊపిరి అందనప్పుడు, లెక్క తప్పి ఎక్కడున్నామో తెలియనప్పుడు. వేళ్లకీ ఊపిరికీ దారి సుఖంగా ఉంటే చెవి ఎంత దూరమైనా వస్తుంది. అందుచేత పిల్లలకి కదా అని, పెద్దవయసువాళ్లకి కదా అని పంచదార పాకం పోసి రాయడం వాళ్లని తక్కువ చేయడమే.

ఈ పనిలో నాకు గురుస్థానం ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్‌ది. ఆయన స్వయంగా రికార్డర్ పట్టుకుని ఆల్డ్‌బరాలోని ఊరి సంగీత బృందంలో కూర్చునేవాడు. 1955లో స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌లో మిత్రులతో సెలవులు గడుపుతుండగా చిత్రకారిణి మేరీ పాటర్ మంచులో జారి కాలికి దెబ్బ తగిలించుకుంది. ఆమె వాయించుకోవడానికి మూడు రికార్డర్ల చిన్న రచనల గుచ్ఛం రాశాడు. ఊరికి చేరడం, స్విస్ గడియారం, కొత్తగా మంచు మీద జారడం నేర్చుకునేవాళ్ల వాలు, చివర వీడ్కోలు. మిత్రురాలి వేళ్లు ఎంతవరకు సాగుతాయో తెలిసి రాసిన సంగీతమది. ప్రపంచం మొత్తానికి పనికొచ్చేలా రాయాలని ఆయన కూర్చోలేదు. ఒక్క మనిషికి సరిగ్గా అమరిన ఆ చొక్కాని డెబ్బై ఏళ్లుగా ఎందరో తొడుక్కుంటున్నారు.

మూడేళ్ల తర్వాత, 1958 జూన్ 18న, సఫోక్‌లోని ఓర్ఫర్డ్ చర్చిలో ఆయన "నోయీస్ ఫ్లడ్" తొలిసారి ప్రదర్శించారు. నోవహు ఓడ కథ. కొద్దిమంది వృత్తి సంగీతకారుల చుట్టూ బోలెడంత మంది పిల్లలు. వయొలిన్లకి మూడు స్థాయుల్లో పార్ట్‌లు ఉన్నాయి. చిట్టచివరి స్థాయివాళ్లు ఎక్కువగా ఖాళీ తీగల మీద విల్లు లాగితే చాలు. వాన చినుకులకి తాడుకి వేలాడదీసిన టీ కప్పుల్ని చెక్క గరిటెతో కొట్టాలి. ఆ పని చేసే పిల్లకి సంగీతం ఒక్క ముక్క రానక్కర్లేదు, కాని తుఫాను మొదలయ్యేది ఆమెతోనే. ఇక పావురం. ఓడలోంచి ఎగిరే పావురానికి బ్రిటెన్ ఇచ్చిన గొంతు రికార్డర్. నాలుక కొసని ర్ర్ర్ అని ఆడిస్తూ ఊదితే ఆ గొట్టంలోంచి రెక్కల టపటపలు వస్తాయి. ఖరీదైన ఏ వాద్యం నుంచీ ఆ ధ్వని అంత సహజంగా రాదు. పిల్లలకి ఇచ్చిన పార్ట్‌లు తేలిక. తీసేస్తే మాత్రం కథ కూలిపోతుంది. ఈ రెండూ ఒకేచోట సాధించినవాళ్లు చాలా తక్కువమంది.

మా బృందానికి రాసేటప్పుడు నా బల్ల మీద ఉండే సంగతులు చాలా మామూలువి. రికార్డర్ సైజుల్లో సొప్రానో, టెనార్ రెండిటికీ వేళ్ల అమరిక ఒకటే, ఒక స్థాయి తేడా అంతే. ఆల్టోకీ బేస్‌కీ కూడా అంతే. ఎవరో ఒకరు రాని వారాలే ఎక్కువ కాబట్టి ఒకరి పార్ట్ మరొకరు అందుకునేలా రాస్తాను. టెనార్ పొడుగు, రంధ్రాలు ఎడమెడంగా ఉంటాయి. కీళ్లనొప్పులున్న చేతులకి చిటికెనవేలు చాచే స్వరాలు వరసగా ఇవ్వకూడదు. సగం రంధ్రం మూసే స్వరాలు వేగంలో వద్దు. బేస్‌కి గాలి ఎక్కువ ఖర్చవుతుంది. రెండేసి బార్లకి ఒక ఊపిరి గుర్తు పెట్టకపోతే దాన్ని వాయించే ఆమె ముఖం ఎర్రబడుతుంది. నాలుకతో "తు" అని విడదీసి పలికే చోట వేళ్లు కాస్త ముందువెనకలైనా ఆ సందులో దాగిపోతాయి. కలిపి పలికే చోట బయటపడతాయి. మన నాదస్వరం వాళ్లకి తుత్తుకారం ఎలాగో, వీళ్లకి ఈ నాలుక పనీ అలాగే, మొదటి పాఠం. అందుకని వేళ్ల మెలిక తప్పని చోట స్వరాలు విడివిడిగా రాస్తాను. ప్రతి వరస మొదట్లో బార్ నంబరు తప్పనిసరి. "పదిహేడు నుంచి మళ్లీ" అనగానే అందరి కళ్లూ ఒకే చోట వాలాలి. పేజీ తిప్పే అవసరం అస్సలు రాకూడదు.

టెనార్ వాయించే ఒకాయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. మాట తక్కువ. వాయించడం అయ్యాక కప్పులు కడిగే పని ఆయనదే. నేను రాసింది కుదిరిందో లేదో నాకు అక్కడ తెలుస్తుంది. కుళాయి కింద కప్పు తిప్పుతూ ఆయన కూనిరాగం తీస్తారు. ఎక్కువసార్లు పై పార్ట్ రాగమే తీస్తారు, అందరికీ వినిపించింది అదే కదా. ఎప్పుడైనా తన పార్ట్‌నే, ఆ మధ్య వరసనే పాడుకుంటుంటే నాకు ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను. మధ్య పార్ట్ విడిగా పాడుకోదగ్గ పాట అయిందని దాని అర్థం. ఆ వరసని రాసేటప్పుడు పై పార్ట్ కాగితాన్ని తిరగేసి పెట్టి, దాన్ని ఒంటరిగా ముందు నోటితో పాడి, తర్వాత వాద్యంతో వాయించి చూస్తాను. ఒకే స్వరం మీద నాలుగు బార్లు కాలక్షేపం చేస్తున్నట్టు అనిపిస్తే చింపేస్తాను.

ఈ పని ఎంత పాతదో, మనకి ఎంత దగ్గరిదో తల్చుకుంటే కర్ణాటక సంగీతమే గుర్తొస్తుంది. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు అంటూ మెట్లు కట్టిన పురందరదాసు పెద్ద వాగ్గేయకారుడు. పిల్లల మెట్లు కట్టడం తన స్థాయికి తక్కువని ఆయన అనుకోలేదు. తెలుగువాడైన పైదాల గురుమూర్తి శాస్త్రికైతే వేయి గీతాలు రాశాడన్నదే బిరుదైంది. గీతం అంటే నేర్చుకునేవాళ్ల రచన. సంగతులు లేవు, సాగదీత లేదు, రాగం మొత్తం కొద్ది ఆవర్తాల్లో కళ్లకి కట్టాలి. కృతుల గురించి మనం గంటలు గంటలు మాట్లాడుకుంటాం. గీతం రాసిన చేతికి అందులో పదోవంతు గౌరవం కూడా ఇవ్వడం లేదు. ఇది నాకు కష్టంగా ఉంటుంది.

ప్రస్తుతం నా బల్ల మీద ఉన్నది మోహనంలో ఒక రచన. స్కూలు పిల్లలు, మా బృందం కలిసి వాయించాలి. సొప్రానో రికార్డర్ మీద పిల్లలు మొదట నేర్చుకునే మూడు స్వరాలు బి, ఎ, జి. జి దగ్గర షడ్జం పెడితే ఆ మూడూ మోహనంలో గ, రి, స అయిపోతాయి. ఆ పైన పంచమం, కింద మంద్ర పంచమం, ధైవతం. పిల్లల్ని సతాయించే సి, ఎఫ్ రెండూ ఈ రాగంలోకి రానే రావు, కాబట్టి బి, సి మధ్య గండం లేదు, ఇ నుంచి ఎఫ్ కి మారే మెలికా లేదు. ఒక్క చిక్కు మిగిలింది. గాంధారం నుంచి పంచమానికి వెళ్లాలంటే మూసిన వేళ్లన్నీ తీసి వేరే వేలు వేయాలి. రిషభం నుంచైతే బొటనవేలు, చూపుడువేలు లేపితే చాలు, మధ్యవేలు అక్కడే ఉంటుంది. కనుక పిల్లల పార్ట్‌లో పంచమం ఎప్పుడూ రిషభం మీంచే వస్తుంది. ఆ దాటు ఇప్పుడు పాటకంతటికీ గుర్తుగా నిలిచింది. వేళ్ల కోసం మొదలైన ఆ అడుగునే టెనార్ అందుకుంటుంది, ఆల్టోలు తిరగేసి పలుకుతాయి.

ఆల్టోలకి మాత్రం ఈ శ్రుతి అంత సుఖం కాదు. వాళ్లకి గాంధారం దగ్గర వేళ్లు మెలికపడతాయి. పిల్లలకి సుఖమైన చోట షడ్జం పెట్టి ఆ కష్టాన్ని పెద్దవాళ్లకి వదిలాను, వాళ్లూ ఒప్పుకున్నారు. మూడు స్వరాలే వచ్చిన పిల్లలకి గ, రి, స లతోనే ఒక వరస రాశాను. రెండుసార్లు ఆ మూడు స్వరాలు ఒంటరిగా, కింద ఏ తోడూ లేకుండా వినిపిస్తాయి. బేస్ పార్ట్ ఇంకా రాయలేదు. ఈసారి బేస్ వాయించే ఆమెకి మొదటి ఎనిమిది బార్లు రాగం ఇచ్చి, మిగతా అందరినీ ఊరుకోబెడదామని ఉంది. కింది స్వరాలు సన్నగా వస్తాయి కాబట్టి ఇంకెవరు వాయించినా ఆమె వినపడదు. ఎనిమిది బార్లకి ఊపిరి ఎక్కడెక్కడ పెట్టాలో వచ్చే వారం ఆమెతో కూర్చుని చూడాలి.